ఇంటి కాంక్రీటుకు ఏ రంగు: వనస్థలిపురం ఇళ్ళ ఆధారంగా ఒక పరిశీలన

డాబా, పిట్టగోడ, సజ్జా, మెట్లు, ప్రహరీ, పార్కింగు నేల, నీళ్ళ ట్యాంకు: మామూలు ఇంట్లో సిమెంటు నేరుగా ఎండకూ వానకూ కాళ్ళకూ టైర్లకూ ఓర్చుకోవాల్సిన చోట్లు ఇవి. వీటికి వాడే పూతలు సున్నం మొదలు ఎపాక్సీ దాకా ఉన్నాయి. హైదరాబాద్ తూర్పు కొసన ఉన్న వనస్థలిపురం ఇళ్ళను దగ్గర పెట్టుకుని, ఏ చోటికి ఏ పూత నిలబడుతుందో, ఎందుకు నిలబడుతుందో ఈ వ్యాసం చెబుతుంది. రంగు ఎంపిక షాపులో షేడు కార్డు తిరగేయడంతో మొదలు కాకూడదు. ఆ గోడలోకి, ఆ నేలలోకి నీళ్ళు ఎటునుంచి వస్తున్నాయో, ఎటునుంచి బయటికి పోతున్నాయో ముందు చూడాలి. అది తేలితే డబ్బా ఏదో తేలడం కష్టం కాదు.

ప్రాంతం, వాతావరణం

విజయవాడ జాతీయ రహదారి మీద ఎల్బీనగర్ దాటితే వచ్చేది వనస్థలిపురం. ఆ చుట్టుపక్కల కృష్ణజింకల మహావీర్ హరిణ వనస్థలి జాతీయ ఉద్యానం, ఎన్జీవోస్ కాలనీ, సాహెబ్‌నగర్, ఎఫ్‌సీఐ కాలనీ, ఇంకాస్త లోపలికి బీఎన్ రెడ్డి నగర్, హస్తినాపురం విస్తరించాయి. ఉద్యోగులు చిన్న చిన్న ప్లాట్లు కొనుక్కుని, ముందు ఒక గది, తర్వాత ఒక అంతస్తు అన్నట్టు కట్టుకుంటూ పోయిన కాలనీలు చాలా ఉన్నాయి. 2007లో ఎల్బీనగర్ పురపాలక సంఘం గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసింది. 2018 సెప్టెంబరులో మెట్రో ఎల్బీనగర్ దాకా వచ్చింది. పాత ఇండిపెండెంట్ ఇళ్ళ స్థానంలో కింద పార్కింగు వదిలిన అపార్టుమెంట్లు లేస్తున్నాయి. అందుచేత ఇక్కడ రంగుల సమస్యలు రెండు రకాలు. పాత ఇంటి గోడల మీద సున్నం, డిస్టెంపరు, ఎమల్షను పొరలు పొరలుగా పేరుకుని ఉంటాయి. కొత్త అపార్టుమెంటులో ప్లాస్టరింగు తడి ఆరకముందే రంగు పడుతుంది, గృహప్రవేశం ముహూర్తం దగ్గరపడుతుంది కాబట్టి.

నగరంలో ఏడాదికి సుమారు 80 సెంటీమీటర్ల వాన పడుతుంది. అందులో ఎక్కువ భాగం జూన్, అక్టోబరు మధ్యనే. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పడమటి గోడా డాబా స్లాబూ ఆ మధ్యాహ్నాల్లో గాలి కంటే ఎంతో వేడెక్కి, ఒక్క జల్లు పడగానే గబుక్కున చల్లబడతాయి. ఈ సాగడం, ముడుచుకోవడం వల్లే వెంట్రుకవాసి పగుళ్ళు వస్తాయి. రంగు పొరకు ఆ కదలికతో పాటు సాగే గుణం లేకపోతే అది కూడా అక్కడే చీలుతుంది, నీళ్ళకు దారి దొరుకుతుంది.

కాంక్రీటు స్వభావం

చూడటానికి రాయిలా ఉన్నా కాంక్రీటు నిండా సన్నని రంధ్రాలే. నీళ్ళు పీల్చుకుంటుంది, వదులుతుంది. సిమెంటు నీటితో కలిసి గట్టిపడేటప్పుడు కాల్షియం హైడ్రాక్సైడు పుడుతుంది. అందువల్ల కొత్త కాంక్రీటు తీవ్రమైన క్షారం, దాని పీహెచ్ 12 నుంచి 13 దాకా ఉంటుంది. నూనె ఆధారంగా తయారయ్యే ఎనామెల్ రంగును తడి ఆరని సిమెంటు మీద వేస్తే ఆ క్షారం నూనెను సబ్బుగా మార్చేస్తుంది. కొన్నాళ్ళకు రంగు జిగురుగా మెత్తబడి, బొబ్బలెక్కి, చాపలా లేచి వస్తుంది. గేటుకు మిగిలిన ఎనామెల్‌ను పారేయడమెందుకని గేటు పక్క స్తంభానికి పూసిన ప్రతిచోటా ఈ రసాయన చర్యను కళ్ళారా చూడవచ్చు.

రెండో గుణం ఉప్పు. సిమెంటులోని, ఇసుకలోని, ఇటుకలోని, క్యూరింగు నీళ్ళలోని లవణాలు తడితో పాటు ప్రయాణిస్తాయి. నీళ్ళు ఆవిరయ్యేచోట అవి తెల్లటి పొడిగా మిగిలిపోతాయి. గోడ ఉప్పు పట్టిందని మనం అనేది దీన్నే. పూత గాలి ఆడేదైతే ఉప్పు దాని మీదికి వస్తుంది, చీపురుతో దులిపితే పోతుంది. గాలి ఆడని పూతైతే ఉప్పు దాని వెనకే స్ఫటికాలు కట్టి పొరను ముందుకు తోస్తుంది. ఉప్పు పట్టిన గోడ మీద మరింత చిక్కటి, మరింత ఖరీదైన రంగు వేయడం సమస్యను పెంచడమే. ఉప్పును నీళ్ళతో కడగకూడదు. కడిగితే కరిగి మళ్ళీ లోపలికే పోతుంది. పొడి బ్రష్షుతో రుద్ది తీసేయాలి.

కొత్త ప్లాస్టరింగు మీద రంగు వేయడానికి కనీసం 28 రోజులు ఆగాలన్నది సాధారణ నియమం. అది పొడి వాతావరణానికి చెప్పిన మాట. ఆగస్టులో ప్లాస్టరింగు చేసిన గోడకు క్యాలెండరు చూసి రంగు వేస్తే లాభం లేదు. ఒక అడుగున్నర చదరం పాలిథీన్ కాగితాన్ని గోడకో నేలకో పెట్టి, నాలుగు అంచులా టేపు గట్టిగా అంటించి, రాత్రంతా వదిలేయాలి. మర్నాడు కాగితం లోపలివైపు నీటి చుక్కలు కనిపించినా, దాని కింద సిమెంటు నల్లగా మారినా ఇంకా తడి ఉన్నట్టే. దీనికయ్యే ఖర్చు ఒక టేపు చుట్ట. పెయింటు మేస్త్రీ వచ్చి లెక్క చెప్పకముందే ఇంటివాళ్ళు తామే చేసి చూసుకోవచ్చు.

రంగుల రకాలు

సున్నం అన్నిటికంటే పాతది. క్షారంతో దానికి గొడవ లేదు, అదే క్షారం. గాలి ఆడనిస్తుంది, బూజును నిలవనీయదు, గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మెల్లగా సున్నపురాయిగా గట్టిపడుతుంది. పండక్కి ముందు సున్నం నానబెట్టి, వడగట్టి, బంక కలిపి, తెల్లదనానికి కాస్త నీలిమందు వేసి కొట్టేవారు. చేతికి అంటుకోవడం, ఏటేటా వేయాల్సి రావడం దాని లోపాలు. ఇవాళ దాన్ని చులకనగా చూస్తున్నాం కానీ, తడి గోడకు సున్నానికి మించిన చౌక మందు లేదు.

సిమెంటు పెయింటు పొడి రూపంలో వస్తుంది. స్నోసెమ్ అన్నది ఒక తయారీ పేరే అయినా జనం నోట ఆ రకానికంతటికీ అదే పేరుగా నిలిచిపోయింది. తెల్ల సిమెంటు ఆధారం కాబట్టి గోడను ముందు తడిపి వేయాలి, వేశాక మళ్ళీ నీళ్ళు చల్లి క్యూరింగు చేయాలి. ఈ నీళ్ళు చల్లే పని ఎగ్గొట్టడం వల్లే అది పొడిపొడిగా రాలుతుంది. కలిపిన పొడిని గంటా రెండు గంటల్లో వాడేయాలి. పాత ఎమల్షను మీద ఇది పట్టదు, ఖాళీ సిమెంటు మీదే పడుతుంది.

డిస్టెంపరు ఇంటి లోపలికే. వాన తగిలే చోట దాన్ని వేయడం దండగ.

యాక్రిలిక్ ఎక్స్‌టీరియర్ ఎమల్షను ఇప్పుడు ఎక్కువగా అమ్ముడయ్యేది. నీటిలో కలిసిన యాక్రిలిక్ రేణువులు నీళ్ళు ఆరిపోగానే ఒకదానికొకటి అతుక్కుని పొరగా మారతాయి. క్షారాన్నీ ఎండనూ తట్టుకుంటుంది, లోపలి ఆవిరిని కొంత బయటికి పోనిస్తుంది. వీటిలోనే మందంగా, రబ్బరులా సాగే ఎలాస్టోమెరిక్ రకాలు పగుళ్ళ మీద వంతెనలా నిలుస్తాయి. ఏ కంపెనీ అన్నదానికంటే అందులో యాక్రిలిక్ పాలు ఎంత, మేస్త్రీ ఎన్ని నీళ్ళు కలిపాడన్నదే మన్నికను తేలుస్తుంది. రెండు పూతలకు లీటరు 50 నుంచి 60 చదరపు అడుగులు రావడం మామూలు. అంటే వెయ్యి అడుగుల గోడకు 17 నుంచి 20 లీటర్లు కావాలి. పది లీటర్లతో ముగించేస్తానని ఎవరైనా అంటే మిగతాది బోరు నీళ్ళే.

రాతినో కాంక్రీటునో ఉన్నది ఉన్నట్టు కనిపించనిచ్చే ఇళ్ళకు సిలేన్, సిలాక్సేన్ ద్రావణాలు ఉన్నాయి. ఇవి పొర కట్టవు, రంధ్రాల గోడలకు పట్టి నీటిని లోపలికి రానీయవు, ఆవిరిని మాత్రం ఆపవు. ఎపాక్సీ, పాలీయురెథేన్ గురించి నేలల దగ్గర చూద్దాం.

షేడు విషయంలో ఒక మాట. ఎర్ర ఆక్సైడు, పసుపు ఆక్సైడు, బూడిద వంటి ఖనిజ రంగులు ఎండకు నిలుస్తాయి. నిగనిగలాడే పసుపు, ముదురు గులాబీ, ఊదా వంటి వాటిలో వాడే సేంద్రియ వర్ణాలు చాలామటుకు త్వరగా వెలిసిపోతాయి. పడమటి గోడకు ముదురు రంగు వేస్తే వెలిసిపోవడం ఒక నష్టం, గది వేడెక్కడం రెండో నష్టం.

డాబా

ఇంటి వేడిలో పెద్ద వాటా పైకప్పుదే. ఎండాకాలం మొదట్లో డాబా కడిగి, సున్నంలో ఫెవికాల్ కలిపి చీపురుకట్టతో రెండు పూతలు వేయడం ఈ కాలనీల్లో బాగా అలవాటైన పని. మంచి అలవాటు. తెల్లటి పూత ఎండను తిప్పికొడుతుందన్నది ఊరికే నమ్మకం కాదు, హైదరాబాద్‌లోనే కొలిచి చూసిన సంగతి. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పరిశోధకులు నగరంలోని సత్యం లెర్నింగ్ సెంటరు భవనాల కప్పులకు తెల్ల పూత వేసి, ముందూ తర్వాతా కరెంటు వాడకం లెక్కకట్టారు. నల్లటి కప్పును తెల్లగా మారిస్తే చల్లదనానికయ్యే కరెంటు 14 నుంచి 26 శాతం, మామూలు కాంక్రీటు కప్పుకు తెల్ల పూత వేస్తే 10 నుంచి 19 శాతం ఆదా అవుతుందని తేల్చారు. అవి ఏసీ భవనాలు. ఏసీ లేని పై అంతస్తు ఇంట్లో ఆ లాభం గది చల్లబడటంగా కనిపిస్తుంది, పసిపిల్లలూ ముసలివాళ్ళూ ఉన్న ఇంట్లో అది చిన్న విషయం కాదు.

తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం 2023–28ని విడుదల చేసింది. 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలంలో కట్టే ఇళ్ళకు చల్లటి కప్పు తప్పనిసరి చేసి, అంతకు తక్కువ వాటికి ఇంటివారి ఇష్టానికి వదిలింది. 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల కప్పును ఇలా మార్చాలన్నది లక్ష్యం, అందులో 200 హైదరాబాద్‌వే. వనస్థలిపురంలో ఎక్కువ ప్లాట్లు 600 గజాలకు బాగా తక్కువ. చట్టం అడగకపోయినా వేసుకోవడమే మేలని నా అభిప్రాయం.

సున్నమా, తెల్లటి ఎలాస్టోమెరిక్ పూతా అన్న ప్రశ్నకు జవాబు డాబా కారుతోందా లేదా అన్నదాని మీద ఉంటుంది. కారని డాబాకు, పై అంతస్తు ఎప్పుడైనా లేపాలనుకునే డాబాకు సున్నం చాలు. వానాకాలంలో సగం కరిగిపోయినా మళ్ళీ ఫిబ్రవరిలో వేసుకోవచ్చు. సన్నటి పగుళ్ళున్న డాబాకు వాటర్‌ప్రూఫింగు గుణమున్న తెల్ల పూత కావాలి. అది కూడా పగుళ్ళను వెడల్పు చేసి నింపాక, స్లాబూ పిట్టగోడా కలిసే మూల పొడుగునా సిమెంటుతో గుండ్రంగా వాలు తీశాక, ఆ మూల మీద ఫైబరు గుడ్డ పరిచి పూశాకే. నీళ్ళు నిలిచే గుంటలుంటే ముందు తూము వైపు వాలు సరిచేయాలి. చాలా పూతలు వానకు తడిసి ఆరడానికి తయారైనవి, రోజుల తరబడి నీళ్ళ కింద ఉండటానికి కాదు. రహదారి దుమ్ము పట్టి పూత మాసిపోతే తిప్పికొట్టే శక్తి తగ్గుతుంది కాబట్టి వేసవికి ముందు ఒకసారి కడగాలి.

పిట్టగోడ, సజ్జా

ఇంట్లో అన్నిటికంటే ముందు రంగు పోయేది పిట్టగోడకే. దానికి రెండు వైపులా ఎండ, పైన వాన. నీళ్ళు దిగేది పక్కల నుంచి కాదు, పైనున్న చదునైన అంచు నుంచి. ఆ అంచుకు డాబా లోపలివైపు కాస్త వాలు ఇచ్చి, సాగే పూతను మూడుసార్లు వేస్తే పక్కల రంగు మరికొన్నేళ్ళు ఎక్కువ నిలుస్తుంది. పైన బట్టలు ఆరేసే ఇనుప కడ్డీలు పాతిన చోట, డిష్ ఆంటెనా బోల్టులు బిగించిన చోట సీలెంటు పెట్టాలి.

సజ్జా కింద భాగాన్ని తలెత్తి చూడండి. అంచు దగ్గర వేలెడు వెడల్పు గాడి ఉంటే వాన చుక్క అక్కడే తెగి కింద పడుతుంది. లేకపోతే నీళ్ళు సజ్జా అడుగున పాకుతూ గోడదాకా వస్తాయి. కిటికీ పైన నల్లటి చారలకు చాలాసార్లు కారణం ఇదే. సజ్జా అడుగున గోధుమరంగు మరకలు, పొడుగాటి పగులు, పెచ్చులు కనిపిస్తే లోపలి ఇనుము తుప్పు పట్టినట్టు. తుప్పు ఇనుము కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమించి కాంక్రీటును పగలగొడుతుంది. దాని మీద లప్పం పెట్టి రంగు వేయడం ప్రమాదాన్ని కప్పిపెట్టడమే, ఆ పెచ్చు కింద నిలబడ్డ వాళ్ళ తల మీద పడుతుంది. వదులైన కాంక్రీటు కొట్టేసి, కడ్డీని మెరిసేదాకా రుద్ది, తుప్పు నిరోధక పూత వేసి, పాలిమర్ కలిపిన మోర్టారుతో నింపి, అది ఆరాకే ప్రైమరు, రంగు.

ప్రహరీ గోడ

రంగుల దుకాణాల్లో ఎక్కువ ఫిర్యాదులు వినిపించేది ప్రహరీ గురించే అనుకోవచ్చు. కాలనీ రోడ్ల మీద సీసీ పొర మీద పొర పడుతూ, చాలా ఇళ్ళ ముందు రోడ్డు గేటు కంటే ఎత్తయింది. ఒకప్పుడు నేల పైన ఉన్న గోడ భాగం ఇప్పుడు మట్టిలో ఉంది. బయటి నుంచి వాన నీళ్ళు, లోపలి నుంచి మొక్కలకు పోసే నీళ్ళు గోడ అడుగుకు చేరి, దీపం వత్తిలోకి నూనె ఎక్కినట్టు పైకి పాకుతాయి. కింది రెండు మూడు అడుగుల్లో రంగు ఉబ్బి రాలుతుంది, పై భాగం నిక్షేపంగా ఉంటుంది. చాలామంది విసిగిపోయి ఆ భాగానికి టైల్సు అంటిస్తారు. అప్పుడు తడి బయటికి పోయే దారి మూసుకుని, టైల్సు పైన ఇంకో అడుగు ఎత్తున ఉప్పు తేలుతుంది.

దీనికి రెండు రంగుల పద్ధతి మేలు. పైన ఎమల్షను, కింది మూడడుగులు సున్నమో సిమెంటు పెయింటో. ఆ పట్టీకి ఎర్ర ఆక్సైడు షేడు ఎంచుకుంటే ఎగిరిన బురద చుక్కలు కూడా కనబడవు. పల్లెటూరి ఇళ్ళకు కింద జాజు పూసే పద్ధతి ఉన్నదే, అందంగానూ ఉంటుంది. పూల పాదును గోడకు ఆనించకుండా అడుగు దూరం జరపడం కూడా రంగు ఖర్చులో ఆదాయే.

2020 అక్టోబరు 13, 14 తేదీల వానలో హయత్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతాల కాలనీలెన్నో మునిగాయి. బీఎన్ రెడ్డి నగర్ పక్క హరిహరపురం వంటి చోట్ల ఇళ్ళ గోడలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. అలా నానిన గోడ పైకి ఆరినట్టు కనిపించినా లోపల ఆరడానికి నెలలు పడుతుంది. వరద తర్వాత చేయాల్సింది ఉబ్బిన లప్పం గీకేసి, గోడను గాలికి వదిలేసి, ఒక వేసవి గడిచాక పాలిథీన్ పరీక్ష చేసి రంగు సంగతి ఆలోచించడం. అంతవరకు చూడటానికి బాగా లేదనిపిస్తే ఒక సున్నం పూత చాలు.

మెట్లు, పార్కింగు నేల

నేలకు గోడ రంగు పనికిరాదు. ఎమల్షను టైర్ల కింద వారంలో అరిగిపోతుంది. రెండు డబ్బాలు కలిపి వాడే ఎపాక్సీ గట్టిది, ఆయిలు మరకలకు లొంగదు. కానీ ఎండ తగిలితే పసుపెక్కి సుద్దలా రాలుతుంది. స్టిల్ట్ పార్కింగు నీడలో దానికి చోటుంది, గేటు బయటి వాలుకు లేదు. అక్కడ పాలీయురెథేన్ పై పూత కావాలి, లేదా రంగే వద్దనుకుని గీతలు గీసిన సిమెంటును అలాగే వదిలేయాలి. నేల కింద పాలిథీన్ పరచకుండా పోసిన కాంక్రీటులోకి భూమి తడి ఎక్కుతూనే ఉంటుంది. ఎపాక్సీ ఆ ఆవిరిని బొత్తిగా పోనీయదు కాబట్టి బొబ్బలెక్కుతుంది. తడి పరీక్ష గోడ కంటే నేలకే ఎక్కువ అవసరం.

ఎపాక్సీ వేసే ముందు నేల నున్నగా ఉండకూడదు, గరుకుగా చేయాలి. ఒక చెంబు నీళ్ళు పోసి చూస్తే, అవి ముత్యాల్లా నిలిస్తే ఆయిలో పాత సీలరో ఉన్నట్టు, వెంటనే ఇంకిపోతే పూతకు సిద్ధమైనట్టు. రెండు భాగాలు కలిపాక ఎండాకాలంలో అది త్వరగా బిగుసుకుపోతుంది, కొద్దికొద్దిగానే కలుపుకోవాలి. బయటి మెట్లకు ఏ పూత వేసినా, తడి ఆరకముందే అంచుల మీద సన్నటి జల్లెడ ఇసుక చల్లించాలి. వానలో జారిపడితే విరిగేది తుంటి ఎముక.

ట్యాంకు, సంపు

లోపలివైపు మామూలు రంగులేవీ వేయకూడదు. తాగునీటికి పనికొస్తుందని స్పష్టంగా ముద్రించిన సిమెంటు ఆధారిత పూతో, ఫుడ్ గ్రేడ్ ఎపాక్సీయో మాత్రమే, పూర్తిగా గట్టిపడ్డాక రెండు మూడుసార్లు కడిగి వాడాలి. సంపులోకి దిగి పూసేవాళ్ళకు గాలి ఆడేలా చూడాలి, పైన ఒక మనిషి కాపలా ఉండాలి. బయటివైపు తెల్లటి ఎమల్షను వేస్తే మేలో నీళ్ళు కాస్త తక్కువ కాగుతాయి.

ఏ కాలంలో

దసరాకు ముందు రంగులు వేయించడం మన ఇళ్ళ ఆనవాయితీ. ఇంటి లోపలికి ఇబ్బంది లేదు. బయటి కాంక్రీటుకు మాత్రం అది అన్నిటికంటే చెడ్డ సమయం, నాలుగు నెలలు తాగిన నీళ్ళు గోడలో ఇంకా ఉంటాయి. నవంబరు సగం నుంచి మార్చి దాకా బయటి గోడలకు అనువైన రోజులు. సంక్రాంతిని లక్ష్యంగా పెట్టుకుంటే పండగ కళా ఉంటుంది, రంగూ నిలుస్తుంది. డాబా వాటర్‌ప్రూఫింగు ఏప్రిల్, మే నెలల్లో చేయించినా పర్వాలేదు, అయితే పొద్దున్న ఎండ ముదరకముందు, మళ్ళీ సాయంత్రం. కాలుతున్న స్లాబు మీద పూస్తే పైపొర నిమిషాల్లో ఆరి, అడుగు పట్టు దొరకదు.

ప్రమాణాలు, సీసం

భారతీయ ప్రమాణాల సంస్థ సిమెంటు పెయింటుకు ఐఎస్ 5410, ఎమల్షన్లకు ఐఎస్ 15489, కాంక్రీటు, ప్లాస్టరింగులకు రంగు వేసే పద్ధతికి ఐఎస్ 2395 ప్రమాణాలు ఇచ్చింది. ఇంటి రంగుల్లో సీసం పదిలక్షల పాళ్ళలో 90 మించకూడదన్న కేంద్ర నిబంధన 2016లో వెలువడి, 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. డబ్బా మీద ఆ మాట ఉందో లేదో చూసి కొనాలి. అంతకు ముందు కట్టిన ఇళ్ళలో పాత ఎనామెల్ పొరల్లో, ముఖ్యంగా పసుపు, ఎరుపు, ఆకుపచ్చ షేడుల్లో, సీసం ఉండవచ్చు. వాటిని పొడిగా గీకితే లేచే దుమ్ము పసిపిల్లల మెదడుకు హాని చేస్తుంది. నీళ్ళు చిలకరిస్తూ తడి సాండ్ పేపరుతో గీకించాలి, పనివాళ్ళకు మాస్కులు ఇవ్వాలి, గర్భిణులనూ పిల్లలనూ ఆ రోజుల్లో దూరంగా ఉంచాలి. కింద గుడ్డ పరిచి, రాలిన పెచ్చులు కుండీల్లోకో సంపు మూత పక్కకో చేరకుండా పోగుచేసి, మూట కట్టి చెత్త బండికి విడిగా అప్పగించాలి.